టర్న్‌టేబుల్ తక్కువల కొనాలంటే: పాత టెక్నిక్సా, కొత్తదా, కంట్రోలరా? ఏది మేలు?

మొన్న దేవరకొండ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, అన్నా తక్కువ పైసలల్ల ఏ టర్న్‌టేబుల్ (డీజేలు రికార్డులు తిప్పే మిషన్) తీసుకోవాలె అని అడిగిండు. నేను ముందు అడిగింది ఒకటే, ఇంట్ల కూసోని స్క్రాచింగ్ (రికార్డ్‌ను చేత్తోని ముందుకు ఎనుకకు తిప్పి సౌండ్ తీసుడు) నేర్చుకుంటవా, లగ్గాలకు కొట్టి సంపాయిస్తవా? రెండిటికి ఒకటే సామాన్ పనికిరాదు.

బారాత్‌లకైతే కంట్రోలరే (రికార్డ్, సూది లేకుంట ల్యాప్‌టాప్‌ల పాటలు కొట్టే మిషన్) తీసుకో. డీసీఎం గుంతల్ల ఎగురుకుంట పోతుంటే సూది ఒక్క పాట గూడ నిలవదు, పైంగ పక్కనే బేస్ బాక్సులుంటయి కాబట్టి ఆ అదురు సూదికెక్కి గుయ్యిమంటది. పయనీర్ ఎఫ్ఎల్ఎక్స్4 లాంటిది ల్యాప్‌టాప్ యూఎస్‌బీ మీదనే నడుస్తది, బ్యాగుల పడ్తది.

నేర్చుకునుడైతే మాత్రం చవుక బెల్ట్ డ్రైవ్ (మోటర్ ఒక బెల్ట్‌తోని ప్లేట్‌ను తిప్పేది) జోలికి పోకు. నేను పోయిన. చెయ్యి పెట్టి రికార్డ్ ఆపి వదిలితే బెల్ట్ జారి, మళ్ల స్పీడ్ అందుకునేలోపు బీట్ దాటిపోయేది, ఆర్నెల్లు నా చెయ్యే సక్కగ లేదనుకుని బాధపడ్డ. డైరెక్ట్ డ్రైవ్‌ల మోటర్ నేరుగ ప్లేట్ కిందనే ఉంటది, వదలంగనే అందుకుంటది.

అయితే డైరెక్ట్ డ్రైవ్‌ల పాతదా కొత్తదా? డీజేలు ఏండ్లకేండ్లు కొట్టింది 1979ల వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్1200 ఎంకే2 మీద. 2010ల కంపెనీ ఈ 1200లు చేసుడు ఆపేసింది, 2016ల మళ్ల మొదలుపెట్టింది, డీజేల కోసం ఎంకే7 2019ల తెచ్చింది. నడుమ 2014ల పయనీర్ పీఎల్ఎక్స్1000 వచ్చింది, పిచ్ (రికార్డ్ తిరిగే స్పీడ్) 8, 16, 50 శాతం దాక మార్చుకోవచ్చు, మంచి మిషనే. కొత్తదాని సుఖం వారంటీ, ఇంకోటి ఆర్‌సీఏ వైర్ (సౌండ్ బయటికి పంపే వైర్) పాడైతే ఊడదీసి వేరేది పెట్టుకోవచ్చు. ఎంకే2ల వైర్ లోపల టంకం వేసి ఉంటది, తెగితే విప్పాల్సిందే.

అయినా నా ఓటు పాత ఎంకే2కే, కానీ చేత్తోని పట్టి చూసినంకనే. కోఠిల ఒకటి చూడనీకి పోతే పైకి తళతళ మెరుస్తుంది. పిచ్ సున్న మీద పెట్టిన, పచ్చ లైటు వెలిగింది, కానీ ప్లేట్ అంచుకు పెద్ద చుక్కల వరుస ఉంటది సూడు, అది ఎర్ర లైటుల కదలకుంట నిలబడాలె, అది మెల్లగ పక్కకు జరుగుతనే ఉంది. అంటే స్పీడ్ నిలకడ లేదు. తర్వాత టోన్ఆర్మ్ (సూది పట్టుకుని ఉండే కడ్డీ) రెండు వేళ్లతోని జర కదిపితే లొడలొడమంది. అమ్మేటాయన రేటు సగం చేస్తనన్నడు, నేను వద్దని నల్గొండ బస్సెక్కిన. ఇంకొకటి చూడాలె, జపాన్ నుంచి వచ్చిన పీసైతే 100 వోల్టులది ఉంటది, మన 230ల నేరుగ పెడితే కాలిపోతది, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు గూడ రేటుల కలుపుకో.

తమ్మికి చెప్పింది ఇదే, జత కొనకు, ఒక్క మంచి డెక్కు (టర్న్‌టేబుల్), ఒక చిన్న మిక్సర్ (రెండు పాటల సౌండ్ కలిపే డబ్బా) తీసుకో, రెండో చానల్‌ల ఫోన్‌ల బీట్ పెట్టుకుని స్క్రాచ్ చెయ్యి. మిగిలిన పైసలతోని కొత్త సూది, స్లిప్‌మ్యాట్ (రికార్డ్ కింద వేసే జారే బట్ట) కొనుక్కో. పాత డెక్కుతోని వచ్చే సూది ఎంత అరిగిందో కంటికి కనబడది, దానితోని మంచి రికార్డులు ఖరాబైతయి.