చిన్న కెరటాలా, ఏటి గాలి అలలా? డౌన్‌విండ్ ఫాయిలింగ్ నేర్చుకోవడానికి డెల్టాలో ఏది మేలు?

బోర్డు కింద నిలువు మాస్ట్, దాని అడుగున రెండు రెక్కలు. ఈ మొత్తాన్నే ఫాయిల్ అంటారు. వేగం అందగానే రెక్కలు బోర్డుని నీటి మీంచి లేపుతాయి. తెరచాప, మోటారు ఏమీ లేకుండా, చేతిలో తెడ్డుతో లేచి, గాలి రేపిన అలల మీద గాలివాటున కిలోమీటర్ల దూరం సాగిపోవడమే డౌన్‌విండ్ ఫాయిలింగ్.

దీన్ని నేర్చుకునేవాళ్లకి గోదావరి డెల్టాలో ముఖ్యంగా రెండు దారులు. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం తీరాల్లో పొద్దుటిపూట వచ్చే మోకాలెత్తు కెరటాల మీద సాధన చేయడం ఒకటి. మధ్యాహ్నం దక్షిణపు గాలి ఊపందుకున్నాక గోదావరి పాయలైన వశిష్ఠలోనో గౌతమిలోనో దిగి, నేరుగా గాలి అలల మీదే లేవాలని చూడటం రెండోది. అసలు ఆట రెండోదే కదా అని చాలామంది అక్కడే మొదలుపెడతారు. ఏటిలో కెరటాలు విరగవు, రెండు ఒడ్డులూ కనిపిస్తూనే ఉంటాయి, ధైర్యంగా ఉంటుంది. అయినా మొదటి పాఠానికి ఏరు సరైన చోటు కాదు. ధైర్యం సంగతి ఎలా ఉన్నా, వేగం లెక్క అక్కడ కుదరదు.

అల వేగం, రెక్క వేగం

70 కిలోల మనిషి బరువుకి బోర్డు, ఫాయిల్ బరువు కలిపితే 80 దాటుతుంది. 1300 చదరపు సెంటీమీటర్ల ముందు రెక్క ఈ బరువు మోయాలంటే గంటకి సుమారు 13 కిలోమీటర్ల వేగం కావాలి. 1700 రెక్కకైతే 11 చాలు. వేగం అంతకన్నా తగ్గితే బోర్డు కూలబడుతుంది.

ఇక అల సంగతి. లోతైన నీటిలో ఒక శిఖరం వెళ్లాక ఇంకో శిఖరం రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టి, దాన్ని 5.6తో గుణిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్ల వేగంతో పోతోందో తెలుస్తుంది. రెండు సెకన్ల అల 11, మూడు సెకన్లది 17, నాలుగు సెకన్లది 22.

ఏటి మీద గంటకి 28 కిలోమీటర్ల గాలి, అడ్డులేని అయిదు కిలోమీటర్ల నీటి మీద వీచినా లేచేది అడుగు ఎత్తు అలే, దాని వ్యవధి రెండు సెకన్లే. అంటే వేగం 11. 1300 రెక్క నిలబడటానికి కావలసిన వేగం కన్నా ఎక్కాల్సిన అలే నెమ్మదిగా పోతోందన్నమాట, 1700కైనా మిగులు ఉండదు. లేచిన మరుక్షణం దాన్ని దాటేసి ముందున్న అల వీపు ఎక్కాల్సి వస్తుంది, అక్కడ వేగం చచ్చిపోతుంది. కాళ్లతో బోర్డుని నొక్కి వదులుతూ, అంటే పంప్ చేసుకుంటూ దాటడం తెలిసినవాడికి ఇదో సరదా. తెలియనివాడు గంటలో నలభైసార్లు పడి, తప్పంతా తనదేననుకుంటాడు.

తీరంలో లెక్క వేరు. లోతు తగ్గేకొద్దీ అల వేగాన్ని ఆ లోతే నిర్ణయిస్తుంది. మీటరున్నర నీటిలో దూరం నుంచి వచ్చిన కెరటం గంటకి సుమారు 14 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది, 1.2 మీటర్లలో 12తో. నేర్చుకునేవాళ్ల రెక్కకి కావలసిన వేగం సరిగ్గా ఇదే. అందుకే ఛాతీలోతు నీటిలో మోకాలెత్తు కెరటం నాలుగు తెడ్డుపోట్లకే బోర్డుని లేపేస్తుంది.

చిన్న కెరటాల మీద సాధన

ఫిబ్రవరి నుంచి మే దాకా తెల్లవారుజామున నేల గాలి పలచగా ఉండి నీళ్లు నున్నగా ఉంటాయి. ఆరు నుంచి తొమ్మిది మధ్య పని ముగించుకోవాలి. సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ప్రకటించే సముద్ర సూచనలో కెరటం ఎత్తుతోపాటు వ్యవధీ ఇస్తారు, అది కూడా చూడాలి. ఎత్తు తక్కువున్నా వ్యవధి 14 సెకన్లు దాటిందంటే ఆ కెరటం ఒడ్డు దగ్గర ఒక్కసారిగా ఎత్తు పెరిగి బలంగా విరుగుతుంది. అలాంటి రోజు కొత్తవాళ్లు దిగకపోవడమే మంచిది.

మన తీరంతో పెద్ద చిక్కు ఇసుక మేటలు. ఒడ్డు నుంచి వంద మీటర్లు నడిచినా నడుములోతే ఉండి, అక్కడ ఒక మేట, దాని వెనక లోతు, మళ్లీ ఇంకో మేట. 75 సెంటీమీటర్ల మాస్ట్ ఉన్న ఫాయిల్‌కి కనీసం 1.3 మీటర్ల నీరు కావాలి. ఎందుకంటే కెరటం ముందుండే పల్లంలో నీరు ఇంకో జానెడు తగ్గుతుంది. పాటు పూర్తిగా తీసిన వేళ దిగితే మాస్ట్ ఇసుకలో గుచ్చుకుని మనిషి బోర్డు ముందుకి ఎగిరిపడతాడు. పోటు సగం ఎక్కాక దిగి, అది తీయడం మొదలైన గంటలోపు బయటికి వచ్చేయాలి. కిందటి వారం ఉన్న మేట ఈ వారం అక్కడే ఉంటుందన్న నమ్మకం లేదు. బోర్డు ఒడ్డున పెట్టి ముందు తెడ్డుతో లోతు కొలిచి రావడం పది నిమిషాల పని.

కెరటం విరిగే చోటుకి పది మీటర్లు బయట నిలబడాలి. నురగ మీద లేవాలని చూడకూడదు. విరిగిన నీటిలో గాలి బుడగలు కలిసి ఉంటాయి కాబట్టి రెక్కకి పట్టు దొరకదు. ఇంకా విరగని, గుండ్రంగా లేస్తున్న కెరటాన్ని ఎంచుకుని, అది బోర్డు తోకని ఎత్తుతుండగా పొట్టివి, వేగమైనవి నాలుగైదు తెడ్డుపోట్లు వేయాలి. బోర్డు జారడం మొదలవగానే చాలామంది వెనక కాలు నొక్కి లేపాలని చూస్తారు. చేయాల్సింది దానికి తలకిందులు. కెరటం తోసేటప్పుడు వేగం ఒక్కసారిగా పెరుగుతుంది, వేగం రెట్టింపైతే రెక్క లేపే బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే ముందు కాలి మీద బరువు వేసి బోర్డుని అణచాలి. అణచకపోతే రెక్క నీటి పైకి వచ్చి గాలి మింగుతుంది, పట్టు పోయి బోర్డు దబ్బున పడిపోతుంది. నీటి మీద ఒక జానెడు ఎత్తు చాలు.

ఎన్నిసార్లు అణచినా లేచిపోతుంటే తప్పు కాళ్లది కాకపోవచ్చు. మాస్ట్‌ని బోర్డు కింది గాడిలో ఒక సెంటీమీటరు వెనక్కి జరిపి చూడండి. ముందుకి జరిపితే లేపే బలం పాదాల కిందికి, ఇంకా ముందుకి వస్తుంది. ఒకసారికి ఒక సెంటీమీటరే, మార్చిన ప్రతిసారీ గుర్తు గీసుకోవాలి.

లేచి ఒడ్డు దాకా రావడం సులువు భాగం, అది మూడు నాలుగు రోజుల్లో వస్తుంది. ఈ సాధనకి అసలు ప్రయోజనం దాని తర్వాతి మెట్టులో ఉంది. ఒడ్డుకి ముప్పై మీటర్ల దూరంలో ఉండగానే కెరటం వీపు మీదికి తిరిగి, దాన్ని వదిలేసి, కాళ్లతో పంప్ చేసుకుంటూ బయటికి వెళ్లి, వెనక వచ్చే కెరటాన్ని అందుకోవడం. పంప్ అంటే గెంతడం కాదు. మోకాళ్లు కొద్దిగా వంచి రెండు పాదాలతో నొక్కి, బోర్డు పైకి వచ్చేటప్పుడు బరువు తేలిక చేయాలి. ఊయల ఊపేటప్పుడు సమయం చూసి తోస్తాం కదా, అలా. వెనక కాలొక్కటే నొక్కితే ముక్కు పైకి లేచి వేగం పోతుంది. కెరటం వదిలాక యాభై మీటర్లు పడకుండా పోగలిగితే గాలి అలల మీదికి వెళ్లడానికి సిద్ధమైనట్టే.

ఈ పద్ధతి నేర్పే ఒక చెడ్డ అలవాటు గురించీ చెప్పాలి. లోతు తక్కువ నీటిలో ఎక్కిన కెరటం ఒడ్డు దాకా మనతోనే ఉంటుంది. లోతైన నీటిలో అలా కాదు. అక్కడ అలల గుంపు నడిచే వేగం ఒక్కో శిఖరం వేగంలో సగమే. శిఖరం గుంపు ముందుకి వెళ్లి చప్పబడిపోతుంది, వెనక కొత్తది పుడుతుంది. ఎక్కిన అలనే అంటిపెట్టుకున్నవాడు దానితోపాటే కూలబడతాడు. అందుకే చిన్న కెరటాల మీద ఆరేడు వారాలకి మించి ఉండిపోవడం నష్టం.

చోటు విషయానికొస్తే, అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర దిగొద్దు. ఏటి నీరు, పోటు నీరు గుద్దుకునే చోట కెరటం ఏ వైపు నుంచి వస్తుందో చెప్పలేం. స్నానాల జనం ఉన్న తీరం కూడా పనికిరాదు. మాఘమాసంలో నరసింహస్వామి కల్యాణం రోజుల్లో అంతర్వేది తీరాన్ని పూర్తిగా వదిలేయాలి. జనం మధ్య ఫాయిల్ రెక్క అంటే కత్తే.

మరి ఏరు ఎందుకు?

కెరటం సాయం లేకుండా, సొంత బలంతో నీటి మీంచి లేవడం నేర్చుకోవడానికి. దీనికి ఏటికి మించిన చోటు లేదు. సముద్రంలో పడ్డ ప్రతిసారీ మళ్లీ లేవగలగాలంటే ఈ విద్య కావాలి. నర్సాపురం కింద వశిష్ఠ దాదాపు దక్షిణానికి పోతుంది కాబట్టి దక్షిణపు గాలి ఏటికి ఎదురు వీస్తుంది. అంటే గాలివాటు ప్రయాణం సముద్రం వైపు నుంచి ఊరి వైపుకి, ఆగినా జనం ఉన్నచోటే ఆగుతాం. పాటు తీస్తున్నప్పుడు నీరు కిందికి, గాలి పైకి. అలలు దగ్గరపడి నిటారుగా లేస్తాయి, తోక ఎత్తడానికి అవి బాగా పనికొస్తాయి. పోటు ఎక్కేటప్పుడు నీరూ గాలీ ఒకే వైపు పోతాయి కాబట్టి అలలు చదునై చప్పగా ఉంటాయి. ఏటి సాధనకి పాటు వేళే నయం.

తోక కింద అల రాగానే ఆరు నుంచి ఎనిమిది బలమైన తెడ్డుపోట్లు, ముక్కు కిందికి వాలగానే ఒక పంప్, వెంటనే ఇంకోటి. రెండు ప్రయత్నాల మధ్య రెండు నిమిషాలు ఊపిరి తీసుకోవాలి. ఆయాసంతో చేసే ఇరవై ప్రయత్నాల కన్నా నిదానంగా చేసే ఎనిమిది మేలు.

ఏటి కష్టాలు ఏటివే. గుర్రపుడెక్క తీగ ఒక్కటి మాస్ట్‌కి చుట్టుకుంటే చాలు, ఎంత బలమున్నా లేవలేరు. లేవలేకపోతున్నారంటే ముందు మాస్ట్ తడిమి చూడండి. ప్లాస్టిక్ సంచులదీ అదే కథ. వలకట్ల గుంజలు పాటులో పైకి కనిపిస్తాయి, పోటులో నీటికింద ఉంటాయి. పంటు తిరిగే రేవులకి దూరంగా ఉండాలి. పారే నీటిలో కాలికి కట్టిన లీష్ (బోర్డు తాడు) గుంజకి చిక్కితే మనిషి నీటికిందే ఉండిపోతాడు. నడుముకి కట్టి, ఒక్క లాగుడుతో ఊడిపోయేదే వాడాలి. వరద రోజుల్లో ఏటి ఊసే వద్దు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, కానీ ఎర్రనీరు దిగడం మొదలైతే అంతకు ముందే ఆపేయాలి. రాజమండ్రివాళ్లు బ్యారేజీకి ఎగువన సాధన చేయొచ్చు, వంతెన స్తంభాలకీ బ్యారేజీకీ బాగా దూరంగా.

సామాను: ఒకటా, రెండా?

కెరటాలకి ఆరున్నర అడుగుల పొడవు, 26 అంగుళాల వెడల్పున్న బోర్డు సుఖం. ఏటికీ గాలి అలలకీ ఏడున్నర నుంచి ఎనిమిది అడుగులు, 20 అంగుళాల సన్నని బోర్డు కావాలి, అది తక్కువ వేగానికే నీటిని వదులుతుంది. ఒక్కటే కొనేట్టయితే పొడవుదే కొనండి. దాని పరిమాణం లీటర్లలో మీ బరువు కన్నా 40 ఎక్కువ ఉండాలి. మొదటి రెండు వారాలు దాని మీద నిలబడటమే యుద్ధం, అయినా రెండోసారి డబ్బు పెట్టే పని ఉండదు. రెక్క విషయంలో మాత్రం పొదుపు కుదరదు. 1700తో మొదలుపెట్టి 1200కి మారాలి. సాధన అయ్యాక ప్రతిసారీ మరలు విప్పి మంచినీళ్లతో కడగాలి. అల్యూమినియం మాస్ట్‌లో స్టీలు మరని ఉప్పునీటితో వదిలేస్తే నెలకల్లా పట్టేస్తుంది, తర్వాత మర తల అరిగిపోవడమే గానీ ఊడదు.

మర పడవ వెనక తాడు పట్టుకుని నేర్చుకోవడం ఇంకో మార్గం. గాలిలో నిలబడటం రెండు రోజుల్లో వస్తుంది, లేవడం మాత్రం రాదు. పడవవాడికి గంటకి 15 కిలోమీటర్లు దాటొద్దని ముందే చెప్పాలి. చేత్తో పట్టుకునే తెరచాపతో చేసే వింగ్ ఫాయిలింగ్ తెలిసినవాళ్లకి అల చదవడం ముందే వచ్చి ఉంటుంది, వాళ్లు కెరటాల దశని సగానికి తగ్గించుకోవచ్చు.

ఆఖరున సముద్రం: ఏ తీరం?

ఇక్కడా రెండు దారులున్నాయి. అంతర్వేది నుంచి ఓడలరేవు వైపు తీరం తూర్పు-ఈశాన్యంగా సాగుతుంది. నైరుతి గాలి కొద్దిగా ఒడ్డుకే తోస్తుంది, ఏది పాడైనా ఒడ్డున పడతారు. కానీ విరిగే కెరటాల్లోంచి బయటికి వెళ్లాలి, వైనతేయం మొగ దాకా పోకుండా ముందే దిగిపోవాలి. పాటు వేళ ఆ మొగ నీరు సముద్రంలోకి లాగేస్తుంది.

కాకినాడ వాకలపూడి నుంచి ఉప్పాడ వైపు తీరం ఉత్తరానికి కాస్త తూర్పుగా పోతుంది. దక్షిణ-నైరుతి గాలికి ఇది సూటిగా సరిపోతుంది, మూడు నాలుగు సెకన్ల అలలు దొరుకుతాయి, బీచ్ రోడ్డు వెంట ఒక మనిషి బండి మీద కనిపెట్టుకుని రావచ్చు. అలల నాణ్యత చూస్తే ఇదే మేలు. కానీ గాలి పడమటికి తిరిగిందంటే అదే తీరం ప్రమాదం, ఒడ్డు నుంచి దూరంగా తోసేస్తుంది. సరుగుడు చెట్ల కొనలు సముద్రం వైపు వంగుతుంటే బోర్డు దింపొద్దు. జూన్ తర్వాత పడమటి గాలి రోజులు ఎక్కువ కాబట్టి మొదటి ప్రయాణాలు మార్చి, ఏప్రిల్‌లలో పెట్టుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం వల్ల మర పడవల రాకపోకలూ తగ్గుతాయి.

ఉప్పాడ దాకా పోవద్దు. కోత ఆపడానికి పోసిన బండరాళ్ల మీద కెరటం విరుగుతుంటుంది, అక్కడ ఫాయిల్‌తో ఒడ్డెక్కడం కుదరదు. బయల్దేరే ముందే రోడ్డు మీద వెళ్లి, రాళ్లు లేని ఇసుక జాగా ఒకటి చూసుకుని, నీటిలోంచి కనిపించేలా పొడవాటి కర్రకి ఎర్రగుడ్డ కట్టి పాతి రావాలి. దానికి రెండు వందల మీటర్ల ముందే బోర్డు మీద మోకాళ్లతో కూర్చుని, ఛాతీలోతు రాగానే దిగి, ఫాయిల్‌ని పైకి తిప్పి మోసుకురావాలి.