పాత టెలిఫోటో జూమ్ కొనేవారికి హెచ్చరిక: ఫ్రేమ్ మధ్యభాగాన్ని మాత్రమే చూసి డబ్బు చెల్లించకండి

విమాన ప్రదర్శనలలో ఫొటోలు తీయడానికి దూరాన ఉన్నవాటిని దగ్గరగా చూపే పాత 150–600 మి.మీ. జూమ్ లెన్స్ కొనాలనుకునే మిత్రులు నాకు జరిగిన నష్టాన్ని తెలుసుకుని జాగ్రత్తపడాలని ఇది రాస్తున్నాను.

2025 ఫిబ్రవరిలో బెంగళూరు యలహంక వైమానిక స్థావరంలో జరిగిన ఏరో ఇండియా విమాన ప్రదర్శనకు మూడు వారాల ముందు, ఒక పాత కెమెరాల దుకాణంలో అటువంటి లెన్స్‌ను 62,000 రూపాయలకు కొన్నాను. గాజుపై గీత లేదు, లోపల ఫంగస్ లేదు, జూమ్ రింగు సాఫీగా తిరుగుతోంది. దుకాణదారు చూపిన నమూనా చిత్రాలలో పాలపిట్ట, కొంగ, డేగ ఈకలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. ఆ చిత్రాలన్నింటిలోనూ పక్షి ఫ్రేమ్ మధ్యలోనే ఉందని, అంచులలో ఉన్నదంతా మసక నేపథ్యమేనని నాకు అప్పుడు తట్టలేదు. మా ఊరు హిందూపురం వచ్చాక నేను చేసిన పరీక్ష కూడా అలాంటిదే: చెరువు మీద తిరిగే గద్దలను మధ్యలో పెట్టి తీశాను, బాగున్నాయని తృప్తిపడ్డాను. లెన్స్ తిప్పి ఇవ్వడానికి ఉన్న ఏడు రోజుల గడువు అలా దాటిపోయింది.

ప్రజలను అనుమతించిన 13వ తేదీన రైలులో యలహంక చేరుకున్నాను. తేజస్, సుఖోయ్-57 వంటి యుద్ధ విమానాలు ఒంటరిగా ఎగిరినంతసేపూ ఏ లోపమూ కనిపించలేదు, ఎందుకంటే ఒక్క విమానాన్ని ఎవరైనా మధ్యలోనే పట్టుకుంటారు. అసలు విషయం బయటపడింది వైమానిక దళం వారి విన్యాసాల బృందం సూర్యకిరణ్ దగ్గర. తొమ్మిది హాక్ విమానాలు ఒకే ఆకృతిలో వస్తుంటే 300 మి.మీ. దగ్గర ఫ్రేమ్ నిండా తీసుకుని, షట్టర్ వేగం 1/2000 సెకను, అపర్చర్ (లెన్స్‌లోకి వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 పెట్టి వందల ఫొటోలు తీశాను. కెమెరా వెనుక తెర మీద అన్నీ చక్కగానే కనిపించాయి. రాత్రి ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే, ఎడమ వైపు, మధ్యలో ఉన్న విమానాల ఎరుపు తెలుపు రంగుల హద్దులు కత్తితో కోసినట్టుంటే, కుడి అంచున ఉన్నవి నీళ్లలో తడిసిన బొమ్మల్లా ఉన్నాయి. ఒక్క ఫొటోలో కాదు, తీసిన ప్రతి ఫొటోలోనూ అంతే. ఏడాదికి ఒకసారి కూడా రాని అవకాశం కనుక నాకు కలిగిన బాధ డబ్బు గురించి మాత్రమే కాదు.

దుకాణదారుకు ఫొటోలు పంపితే, ఎండకు నేల వేడెక్కి గాలి అలలుగా కదలడం వల్ల అలా వచ్చిందని జవాబిచ్చారు. ఈ జవాబు ఎవరికైనా రావచ్చు కనుక దీనిని వివరంగా చెప్పడం అవసరం. వేడిగాలి వల్ల వచ్చే మసక ఒక ఫొటోలో ఒక చోట, మరుక్షణం తీసిన ఫొటోలో ఇంకో చోట ఉంటుంది; ఫ్రేమ్‌లో ఒకే అంచును పట్టుకుని ఉండదు. నా ఫొటోలలో విమానాలు ఎడమ నుంచి కుడికి వెళ్లినా, కుడి నుంచి ఎడమకు వెళ్లినా మసకబారింది ఫ్రేమ్ కుడి అంచే. అంత దూరంలో, ఆ అపర్చర్ దగ్గర, విమానాల మధ్య ముందు వెనుకల తేడా వల్ల ఫోకస్ తప్పిందని అనడానికీ వీలు లేదు. ఇటువంటి జూమ్‌లో ఇరవై దాకా గాజు కటకాలు ఉంటాయి. వాటిలో ఒక్కటి అక్షం నుంచి కొంచెం పక్కకు జరిగినా, వాలినా చిత్రంలో ఒక వైపు చెడిపోతుంది. సర్వీస్ సెంటర్‌లో విప్పి చూసి, లెన్స్‌ను గతంలో ఎవరో తెరిచారని, స్క్రూల తలలు అరిగి ఉన్నాయని, ఒక కటకాల గుంపును సరిగా అమర్చకుండానే బిగించారని చెప్పారు.

అయినా దుకాణదారును నేను గట్టిగా అడగలేకపోయాను, ఎందుకంటే నాకిచ్చిన బిల్లులో లెన్స్ పేరు, ధర మాత్రమే ఉన్నాయి, సీరియల్ నంబరు లేదు. "మేము అమ్మిన లెన్స్ ఇదేనని ఏమిటి రుజువు?" అన్నారు. ఈ మాటకు నా దగ్గర సమాధానం లేకపోవడం పూర్తిగా నా తప్పే. సీరియల్ నంబరు, "మరమ్మతు జరగలేదు" అన్న మాట బిల్లు మీద రాయించుకోకుండా ఎవరూ డబ్బు చెల్లించవద్దు. రాయడానికి వెనుకాడే దుకాణంలో కొనకండి.

పరీక్షకు అరగంట చాలు. కనీసం వంద మీటర్ల దూరంలో ఉన్న ఇటుక గోడనో, కిటికీలు వరుసగా ఉన్న అపార్ట్‌మెంట్‌నో ఎంచుకుని, కెమెరాను ట్రైపాడ్ మీద గోడకు ఎదురుగా నిలిపి, స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆపి, అపర్చర్ పూర్తిగా తెరిచి 150, 300, 600 మి.మీ.ల దగ్గర తీసి, నాలుగు మూలలనూ పోల్చి చూడాలి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు చేస్తే వేడిగాలి సాకు ఉండదు. అనుమానం వస్తే కెమెరాను తలకిందులు చేసి అదే గోడను మళ్లీ తీయండి: ఇప్పుడు గోడ రెండో వైపు మసకబారితే లోపం లెన్స్‌దే, గోడ మొదటి వైపే మసకగా ఉంటే మీరు నిలిపిన కోణంలో తేడా ఉన్నట్టు. దగ్గరలో పెట్టిన వార్తాపత్రికను తీసి సరిపెట్టుకోవద్దు. విమానాలు ఉండేది దూరాన, లోపం అక్కడ వేరుగా కనిపించవచ్చు. ఇదంతా తిప్పి ఇచ్చే గడువులోపే పూర్తి కావాలి.

ఇప్పటికే మోసపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం దుకాణం ఏ ఊరిలో ఉన్నా మనం నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు, గడువు రెండేళ్లు. నేను సర్వీస్ సెంటర్ నివేదికను, కొన్న రోజు లెన్స్‌తో తీసిన ఫొటోలను జతచేసి ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను. నా కెమెరా ప్రతి ఫొటో సమాచారంలోనూ లెన్స్ సీరియల్ నంబరును నమోదు చేస్తుందని ఈ మధ్యనే గమనించాను. మీరు కొన్న రోజు తీసిన ఫొటోలు ఉంటే వాటిని చెరిపివేయకండి.