మూడో తరం మాజ్డా ఎంఎక్స్-5లో 2.5 లీటర్ ఇంజిన్: ఎవరికి గిట్టుబాటు, ఎవరికి కాదు

ముందే తేల్చి చెప్పేస్తే చదివేవాళ్లకు సుఖం. 2005 నుంచి 2015 వరకు వచ్చిన మాజ్డా రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మూడో తరం ఎంఎక్స్-5, అంటే అభిమానులు ఎన్‌సీ అని పిలిచే కారు మీ దగ్గర ఉండి, దాని 2.0 లీటర్ ఇంజిన్ సిలిండర్లు అరిగి బోరుకు వచ్చినా, కనెక్టింగ్ రాడ్ బేరింగులు కొట్టుకుంటున్నా, దాన్ని విప్పి బాగుచేయించకండి. ఆ స్థానంలో 2.5 లీటర్ ఇంజిన్ ఎక్కించండి. ఉన్న ఇంజిన్ నిక్షేపంగా నడుస్తుంటే మాత్రం ఈ పని జోలికి పోవద్దు. అదే డబ్బుతో మంచి టైర్లు, షాక్ అబ్జార్బర్లు, బ్రేక్ ప్యాడ్లు వేయిస్తే కారు అంతకన్నా బాగా మారుతుంది.

స్పోర్ట్స్ కార్లలో ఇంజిన్ మార్పిడి చాలాసార్లు మధ్యలోనే ఆగిపోతుంది. ఇంజిన్ ధర చూసి రంగంలోకి దిగుతారు, తీరా చూస్తే ఖర్చంతా దాని చుట్టూ ఉన్న వాటికే. మౌంటులు, సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), గేర్‌బాక్స్ కలిపే ప్లేటు, ప్రొపెల్లర్ షాఫ్ట్, ఎగ్జాస్ట్, రేడియేటర్, ఫ్యూయల్ లైన్లు, వైరింగ్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఒక్కొక్కటిగా చేరి తడిసి మోపెడవుతుంది. ఎన్‌సీలో 2.5 ప్రత్యేకత ఇక్కడే ఉంది. కారులో ఉన్న 2.0, ఎక్కించబోయే 2.5 రెండూ ఎంజెడ్ఆర్ కుటుంబానికి చెందినవే. ఫోర్డ్ దీన్నే డ్యూరాటెక్ పేరుతో వాడింది. గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్, ఇంజిన్ మౌంటులు, ఇన్‌టేక్ మానిఫోల్డ్, వైరింగ్, ఈసీయూ అన్నీ పాతవే ఉంటాయి. ఈసీయూ పాతదే కాబట్టి తాళంచెవి ఇమ్మొబిలైజర్, డాష్‌బోర్డు మీటర్లు, ఏసీ కూడా పనిచేస్తూనే ఉంటాయి. చేతికొచ్చిన ఏ ఇంజిన్‌నో పట్టుకొచ్చి ఎక్కించిన కార్లలో నెలల తరబడి తలనొప్పి పెట్టేవి సరిగ్గా ఇవే.

లాభం ఎంత? 2.0లో బోర్ (సిలిండర్ వ్యాసం) 87.5, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 83.1 మిల్లీమీటర్లు. 2.5లో 89, 100. సిలిండర్ల మొత్తం పరిమాణం 1,999 నుంచి 2,488 సీసీకి, అంటే దాదాపు 24 శాతం పెరుగుతుంది. కంప్రెషన్ (పిస్టన్ గాలి, ఇంధనాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో చెప్పే అంకె) మాత్రం 10.8 నుంచి 9.7కి తగ్గుతుంది కాబట్టి ఆ 24 శాతంలో కొంత కరిగిపోతుంది. సరైన ట్యూన్ (ఈసీయూ సెట్టింగుల సవరణ), మంచి హెడర్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాలు) పెట్టాక చక్రాల దగ్గర అటూ ఇటూగా 30 హార్స్‌పవర్ అదనంగా దొరుకుతుంది. అసలు తేడా ఆ అంకెలో కనిపించదు. 2,500 నుంచి 5,000 ఆర్పీఎం మధ్య, 2.0 బద్ధకంగా లాగే చోట, 2.5 పికప్ స్పష్టంగా తెలుస్తుంది. మలుపు దాటి బయటికొచ్చేటప్పుడు ఒక గేరు కిందికి దించాల్సిన అవసరం తప్పుతుంది. రెండు బ్లాకులూ అల్యూమినియమే కాబట్టి ముక్కు మీద బరువు పెద్దగా పెరగదు, స్టీరింగ్ తీరు చెడదు. ఎంఎక్స్-5 కొనేదే ఆ స్టీరింగ్ కోసం కదా.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. జనరల్ మోటార్స్ ఎల్ఎస్ వీ8 ఇంజిన్ ఎక్కిస్తే శక్తికి కొదవుండదు. కానీ కారు గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆ టార్క్‌ను మోయలేవు. టీ56 లాంటి గేర్‌బాక్స్, వేరే డిఫరెన్షియల్, వేరే సబ్‌ఫ్రేమ్ తప్పవు. చివరికి మిగిలేది వేరే కారు. మొదటి రెండు తరాల ఎంఎక్స్-5లకు హోండా 2.4 లీటర్ ఇంజిన్ కె24 నిజంగా గొప్ప జోడీ. ఆక్యురా టీఎస్ఎక్స్‌లో వచ్చిన కె24ఎ2 ఫ్యాక్టరీ నుంచే 200 హార్స్‌పవర్ ఇచ్చేది, 1989 నాటి 1.6 ఇంజిన్ ఇచ్చేది 115 చిల్లర. అయితే దానికి అడాప్టర్ ప్లేటు, ప్రత్యేక సంప్, హెడర్, సబ్‌ఫ్రేమ్, ఈసీయూ అన్నీ కొనాలి. పైగా 1.6 కార్ల డిఫరెన్షియల్‌లో రింగ్ గేర్ 6 అంగుళాలదే, ఆ బలానికి అది నిలవదు. 1994 నుంచి వచ్చిన 7 అంగుళాల డిఫరెన్షియల్ ముందుగా వెతికి పెట్టుకోవాలి. బడ్జెట్‌లో ఇవన్నీ మొదటి రోజే రాసుకున్నవాళ్లకే కె24.

ఇక 2.5 కొనడం. 2009–2013 మాజ్డా 6, 2010–2013 మాజ్డా 3, 2010–2012 ఫోర్డ్ ఫ్యూజన్, 2009–2012 ఫోర్డ్ ఎస్కేప్ కార్లలో ఈ ఇంజిన్ దొరుకుతుంది. ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. మొదటిది మాజ్డా తర్వాత తెచ్చిన స్కైయాక్టివ్ 2.5. దాని బోర్, స్ట్రోక్ కూడా అచ్చం 89, 100 మిల్లీమీటర్లే, సీసీ కూడా 2,488. కానీ అది పూర్తిగా వేరే ఇంజిన్, ఇంధనం నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది, ఈ మార్పిడికి పనికిరాదు. అంకెలు చూసి కొంటే నష్టపోతారు. రెండోది ఫోర్డ్ హైబ్రిడ్ కార్ల 2.5. అది ఇదే కుటుంబం, కంప్రెషన్ 12.3. కానీ మైలేజీ కోసం ఇన్‌టేక్ వాల్వులు ఆలస్యంగా మూసుకునేలా వాల్వులను తెరిచే క్యామ్ చెక్కారు. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తే ఆశించిన బలం రాదు.

మీటరు రీడింగ్‌ని నమ్మి ఇంజిన్ కొనొద్దు. ఆయిల్ పోసే మూత తీసి లోపల చూడండి: లేత గోధుమరంగు పూత ఉంటే ఫర్వాలేదు, నల్లటి జిడ్డు పేరుకుని ఉంటే వదిలేయండి. నాలుగు ప్లగ్గులూ విప్పించి పక్కపక్కన పెట్టండి. ఒక్కదాని మీదే ఆయిల్ తడి ఉంటే ఆ సిలిండర్ రింగులు అనుమానించాల్సిందే. వీలైతే లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్‌లోకి గాలి పట్టి ఎంత శాతం కారుతుందో చూడటం) చేయించండి. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉండటం, ఒక్కో అంకె ఎంత గొప్పగా ఉందన్న దానికన్నా ముఖ్యం. ఇంటికి తెచ్చాక సంప్ విప్పి ఒక రాడ్ బేరింగ్ క్యాప్ తీసి చూడటం అరగంట పని, దాన్ని మానకండి.

ఇంజిన్ స్టాండు మీద ఉండగానే వాల్వ్ క్లియరెన్స్, అంటే క్యామ్‌కూ టాపెట్‌కూ మధ్య సందు, కొలవండి. చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.22–0.28, ఎగ్జాస్ట్ 0.27–0.33 మిల్లీమీటర్లు ఉండాలి. ఇందులో సందును సర్దే షిమ్ములు (పలుచని బిళ్లలు) లేవు. తేడా ఉంటే బకెట్ టాపెట్టే మార్చాలి, అంటే క్యామ్‌లు దించాలి, చైన్ వదులు చేయాలి. కారులోకి ఎక్కించాక ఈ పని చేయడం నరకం.

సెడాన్‌లో ఈ ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, ఎంఎక్స్-5లో నిలువుగా. అందుకే పాత ఇంజిన్ నుంచి సంప్, ఆయిల్ లాగే గొట్టం, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్, నీళ్ల అవుట్‌లెట్లు, థర్మోస్టాట్ హౌసింగ్, మౌంటు బ్రాకెట్లు, సెన్సర్లు విప్పి కొత్తదానికి మార్చాలి. 2.5 సంప్‌లో వణుకు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టుల పెట్టె ఒకటి ఉంటుంది. ఎంఎక్స్-5 సంప్‌లో దానికి చోటు లేదు, తీసేయాలి. తీసేశాక దానికి బ్లాకు నుంచి ఆయిల్ వెళ్లే రంధ్రం తెరుచుకుని ఉంటుంది. దాన్ని ప్లగ్గుతో గట్టిగా మూయడం మరిచిపోతే ఆయిల్ ప్రెషర్ మొత్తం అక్కడి నుంచే సంప్‌లోకి కారిపోతుంది, కొత్త ఇంజిన్ బేరింగులు మొదటి రోజే పోతాయి. షాఫ్టులు లేనందువల్ల అధిక ఆర్పీఎంలో వణుకు కాస్త పెరుగుతుంది. స్పోర్ట్స్ కారులో అది భరించదగినదే.

2.5 బ్లాకు 2.0 కన్నా సుమారు ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు. బోనెట్‌కు తగలదు. కానీ హెడ్ పైకి జరిగింది కాబట్టి ఇన్‌టేక్ కింది ఊతం బోల్టు రంధ్రాలు కలవవు, ఎగ్జాస్ట్ కలిసే చోట కొంచెం సర్దాలి. పాత టైమింగ్ కవర్, పాత చైన్ పొడవు చాలవు, 2.5వే వాడాలి. చైన్, గైడ్లు, టెన్షనర్ ఎలాగూ విప్పుతున్నారు, కొత్తవే వేసేయండి. సంప్‌కు ప్యాకింగ్ ఉండదు, సీలెంటే. టైమింగ్ కవర్, బ్లాకు కలిసే రెండు మూలల్లో సీలెంట్ కాస్త ఎక్కువ పెట్టాలి, ఆయిల్ కారేది అక్కడి నుంచే.

ఈ మొత్తం పనిలో ఇంజిన్‌ను బతికించేదీ చంపేదీ క్రాంక్‌షాఫ్ట్ ముందు చివరన ఉండే ఒక్క పుల్లీ బోల్టు. ఈ ఇంజిన్ క్రాంక్ స్ప్రాకెట్‌కు చీలిక గానీ కీ గానీ లేదు. స్ప్రాకెట్, పుల్లీ రెండూ కేవలం ఆ బోల్టు బిగింపు మీదే నిలబడతాయి. అది జారితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. కాబట్టి బోల్టు ప్రతిసారీ కొత్తదే, ఫ్రిక్షన్ వాషర్లూ కొత్తవే. మొదటి సిలిండర్ పిస్టన్‌ను పైచివరకు కాస్త ముందు దాకా తెచ్చి, బ్లాకు పక్కనున్న రంధ్రంలో టైమింగ్ పిన్ను బిగించి, క్రాంక్ ఆ పిన్నుకు ఆనే దాకా మెల్లగా తిప్పండి. క్యామ్‌ల వెనక చీలికల్లో చదునైన పట్టీ దూర్చండి. పుల్లీకి ఉన్న చిన్న రంధ్రం గుండా ఎం6 బోల్టు టైమింగ్ కవర్‌లోకి చేత్తో బిగించండి. ఇప్పుడు బిగించేటప్పుడు క్రాంక్ తిరగకుండా పట్టుకోవాల్సింది ఫ్లైవీల్ లాక్‌తో. చాలామంది పిన్ను మీదే బలం వేస్తారు. అది హద్దు చూపించే పిన్నే, బరువు మోసేది కాదు, వంగిపోతుంది లేదా బ్లాకు చిట్లుతుంది. క్యామ్ బోల్టులకూ ఇదే మాట: పట్టీ మీద బలం వేయకుండా క్యామ్ మీదున్న షడ్భుజి భాగాన్ని స్పానర్‌తో పట్టుకోవాలి. పుల్లీ బోల్టు ముందు 100 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు. అన్నీ తీసేసి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, మళ్లీ పిన్ను, పట్టీ, ఎం6 బోల్టు మూడూ పెట్టి చూడండి. మూడూ నెమ్మదిగా దూరితేనే సరిగ్గా వచ్చినట్టు. పట్టీ దూరి ఎం6 దూరకపోతే పుల్లీ కొన్ని డిగ్రీలు తేడాగా కూర్చున్నట్టు, క్రాంక్ సెన్సర్ చదివేది దాన్నే కాబట్టి ఇగ్నిషన్ టైమింగ్ మొత్తం తప్పుతుంది.

ఎక్కించాక గేర్‌బాక్స్‌ను డిఫరెన్షియల్‌తో కలిపే పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఉంటుంది కదా, దాని ఎత్తు కొలిచి బిగించాలి. అందాజుగా బిగిస్తే ఒక వేగం దాటగానే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఝుమ్మని అదురుతుంది, దాన్ని ఇంజిన్ వణుకనుకుని ఎక్కడెక్కడో వెతుకుతారు.

ట్యూన్ లేకుండా నడపొద్దు. ఎన్‌సీ ఫ్యాక్టరీ ఈసీయూకి వెర్సాట్యూన్, ఎక్యూటెక్ అనే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్లు రెండూ పనిచేస్తాయి. ముందు గాలి కొలత, ఇంధనం సరిచేసి, తర్వాత వాల్వ్ టైమింగ్, చివరగా ఇగ్నిషన్ ముట్టుకోవాలి. కంప్రెషన్ తక్కువ కాబట్టి 2.0 కన్నా కాస్త ముందస్తు ఇగ్నిషన్‌ను తట్టుకుంటుంది, అయినా నాక్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) చూసుకుంటూనే పెంచాలి. ఆర్పీఎం హద్దు విషయంలో ఆశ పనికిరాదు. 7,200 దగ్గర 2.0 పిస్టన్ సగటు వేగం సెకనుకు 19.9 మీటర్లు, అదే ఆర్పీఎంలో 2.5ది 24 మీటర్లు. హద్దు 6,800 పెడితే 22.7కి దిగుతుంది. ఫ్యాక్టరీ క్యామ్‌లతో ఆపైన లాగేది కూడా ఏమీ ఉండదు, 6,800 దాటించడం దండగ. పై ఆర్పీఎంలో పాడే ఇంజిన్ కావాలనుకునేవాళ్లకు ఈ మార్పిడి నచ్చదు. వాళ్లు 2009 తర్వాతి ఎన్‌సీ 2.0 వెతుక్కోవడం మేలు, దానికి ఫోర్జ్‌డ్ క్రాంక్ ఇచ్చి హద్దును 7,200కి పెంచారు.

డబ్బు కట్టే ముందే రవాణా శాఖలో ఇంజిన్ నంబరు మార్పు, పొగ పరీక్ష నియమాలు కనుక్కోండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

పని వర్క్‌షాపుకు అప్పగిస్తే మూడు ప్రశ్నలు అడగండి: బ్యాలెన్స్ షాఫ్టుల ఆయిల్ రంధ్రం దేనితో మూస్తారు, పుల్లీ బోల్టు కొత్తదేనా, బిగించేటప్పుడు క్రాంక్‌ను దేనితో పట్టుకుంటారు. తడుముకోకుండా జవాబిచ్చిన చోటే ఇవ్వండి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఇంజెక్టర్ల ఫ్యూజు తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ తిప్పించండి. నీళ్ల వ్యవస్థలోంచి గాలి పూర్తిగా పోయేదాకా హీటర్ వేడి మీద పెట్టి ఉంచండి. మొదటి ఐదు వందల కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఫిల్టర్ కోసి లోపల లోహపు పొడి ఉందేమో చూడండి. ఆ తర్వాత ప్రతి రెండోసారి పెట్రోలు పోయించినప్పుడు డిప్‌స్టిక్ తీయండి. ఈ సంప్‌లో పట్టేది ఫిల్టర్‌తో కలిపి సుమారు 4.3 లీటర్లే, అందులో ఒక లీటరు తగ్గినా గట్టి మలుపుల్లో పంపుకు ఆయిల్ అందదు.