థీసిస్‌కు ఎడిటర్ సాయం: పెట్టిన పైసలకు తగ్గ పనేనా?

జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైం పీహెచ్‌డీ చేసినవాణ్ని. థీసిస్ రాసేటప్పుడు బయటివాళ్ల సాయం తీసుకోవచ్చా అని నల్లగొండలో కనిపించిన స్కాలరల్లా అడుగుతున్నారు. నేను వాడింది హైదరాబాద్‌లోని ఒక చిన్న ఎడిటింగ్ సర్వీసు. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) నుంచి సబ్మిషన్ దాకా ఒకే మేడమ్ చూశారు. రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్.

నా టాపిక్ మర్రిగూడ, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. ఆమెకు కెమిస్ట్రీ రాదు, ఆ సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పారు. అయినా నాకు ఎక్కువ పనికొచ్చినవి ఆమె దిద్దిన వాక్యాలు కాదు, మార్జిన్‌లో అడిగిన ప్రశ్నలు. ‘ఇక్కడ పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రామ్ అన్నారు, ముందు చాప్టర్‌లో 1.5 ఉంది. ఏది లెక్క?’ అని ఒకచోట రాశారు. రెండూ సరైనవే. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం ప్రకారం 1 దాకా ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. చదివేవాళ్లకు ఆ తేడా తెలియాలి కాబట్టి ఒక పేరా చేర్చాను. వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, ఎగ్జామినర్ సరిగ్గా అక్కడే పట్టుకున్నారు: ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఊళ్లను ఏ కోవలో వేశావని. టెన్షన్ పడకుండా చెప్పగలిగాను.

పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే ‘నల్గొండ టెక్నిక్’ పేరు నేనే పెట్టాననుకుని ఆధారం అడిగారు మేడమ్! నాగపూర్ నీరి సంస్థ తయారుచేసిన పద్ధతి అని రెఫరెన్స్ ఇచ్చాను.

ఏ మార్పయినా వర్డ్‌లో దిద్దినవన్నీ కనిపించే ట్రాక్ చేంజెస్‌లోనే పంపుతారు, ఉంచాలో తీసేయాలో మనిష్టం. డిస్కషన్ చాప్టర్ మీరే రాసిపెడతారా అంటే కుదరదన్నారు. ఆ మాటతోనే నమ్మకం కుదిరింది.

సిమిలారిటీ (వేరేవాళ్ల రాతలతో మన థీసిస్ ఎంత శాతం కలుస్తోందన్న లెక్క) తగ్గిస్తామని గ్యారంటీ ఇచ్చే ఏజెన్సీల జోలికి పోవద్దు. మా కొలీగ్ ఒకరికి అలాంటి చోట శాస్త్రపదాలతో సహా మార్చేసి ఇచ్చారు, గైడు చదవలేక వెనక్కి పంపారు. 2018 యూజీసీ నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య వస్తే 6 నెలల్లోపు తిరగరాసి ఇవ్వాలి. రెఫరెన్సులు, విషయసూచిక ఆ లెక్కలోకి రావు. ఇది తెలిస్తే సగం భయం పోతుంది. ఎలాగూ థీసిస్‌ను శోధ్‌గంగలో, అంటే దేశంలోని థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండారంలో, పెడతారు, ఎవరైనా తీసి చూడొచ్చు.

లోటుపాట్లు లేకపోలేదు. గడువు దగ్గర పడ్డప్పుడు మేడమ్ ఫోన్ దొరకడం కష్టం. స్టాటిస్టిక్స్ ముట్టుకోరు. రెండో రౌండ్‌కు మళ్లీ చార్జీ, అది ముందే చెప్పాల్సింది. మార్జిన్లు, పేజీ నంబర్లు, బైండింగ్‌కు ఎటూ గడియారం సెంటర్ దగ్గర డీటీపీ షాపుకే పోవాలి. ఆ పనిలో వాళ్లను మించినవాళ్లు లేరనుకోండి.

5కి 4 ఇస్తాను. ఇంగ్లిష్‌లో రాయడం అలవాటున్నవాళ్లకు చివర ఒక్క రౌండ్ చాలు. మిగతావాళ్లు ముందు ఒక చాప్టర్ ఇచ్చి చూశాకే అడ్వాన్స్ కట్టండి, గైడుకు కూడా చెప్పండి. నేను చెబితే మా సార్ ఏమీ అనలేదు. అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో మేడమ్ పేరు వేయమన్నదీ ఆయనే.