సర్ గవేన్ కొంటున్నారా? అనువాదకుడి పేరు చూసి కొనండి

బెంగళూరు చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపుల్లో 'సర్ గవేన్ అండ్ ది గ్రీన్ నైట్' (ఆర్థర్ రాజు కొలువులోని వీరుడు గవేన్‌కీ, ఒక ఆకుపచ్చ వీరుడికీ మధ్య నడిచే మధ్యయుగపు ఇంగ్లిష్ కావ్యం) అని అడిగితే ఏ అనువాదం చేతికొస్తుందో చెప్పలేం. పాత ప్రతి చవగ్గా వచ్చిందని తీసేసుకోకండి. ఈ కావ్యానికి కథ ఎంత ముఖ్యమో పద్యం నడక అంత ముఖ్యం. అనువాదకుడు సరైనవాడు కాకపోతే ఆ నడక కాస్తా పోతుంది.

మొదటిసారి చదివేవాళ్లకు సైమన్ ఆర్మిటేజ్ అనువాదం (2007) మంచిది. అందులోనూ నార్టన్ వాళ్ల ప్రతి అయితే మూలం, అనువాదం ఎదురెదురు పేజీల్లో ఉంటాయి. ఇదే అనువాదం వేరే ప్రచురణల్లో మూలం లేకుండానూ వచ్చింది, కాబట్టి లోపల తెరిచి చూశాకే డబ్బులివ్వండి.

మూలం ఎందుకంటే, పద్యం పట్టంతా అక్కడుంది. 14వ శతాబ్దం చివర్లో పేరు తెలియని కవి రాసిన 2530 పాదాలివి. ప్రతి పొడుగు పాదంలో నాలుగు చోట్ల ఊనిక పడుతుంది (అంటే అక్కడ నొక్కి పలుకుతాం), వాటిలో సాధారణంగా మొదటి మూడు ఒకే హల్లుతో మొదలవుతాయి. మొదటి పాదమే చూడండి: 'సిథెన్ ద సేజ్ అండ్ ద అసౌట్ వాట్స్ సేస్డ్ అట్ ట్రోయె'. యతికి అలవాటుపడ్డ చెవికి 'స' వెంటనే తగులుతుంది. కాకపోతే మన యతికి పాదంలో చోటు ఖాయం, ఇక్కడ ఊనిక ఎక్కడ పడితే అక్కడే. అందుకే 'అసౌట్'లో 'అ'ని వదిలేసి 'సౌ'ని లెక్కపెట్టాలి. ప్రతి పద్యం చివర ఒక చిన్న తునక, దాని వెంట అంత్యప్రాసతో నాలుగు పొట్టి పాదాలు. సీసం కింద తేటగీతి వచ్చినట్టే!

ఆర్మిటేజ్ ఈ రెండింటినీ నిలబెట్టాడు. లోపం లేకపోలేదు. హల్లు కలపాలన్న ఆత్రంలో అక్కడక్కడా వీధి మాటలు దింపేస్తాడు, గంభీరంగా ఉండాల్సిన చోటు తేలిపోతుంది. టోల్కిన్ అనువాదం (1975) మూలానికి దగ్గరగా ఉంటుంది గానీ, భాష మరీ పాతది. పెంగ్విన్‌లో వచ్చిన బెర్నార్డ్ ఓడొనహ్యూ (2006) సాఫీగా సాగుతుంది, హల్లు మైత్రిని మాత్రం బాగా సడలించాడు.

చాలామంది జారేది మూడో భాగంలో, 1126వ పాదం నుంచి 1997 దాకా. వేట వర్ణనలు విసుగనిపించి పేజీలు తిప్పేస్తారు. అలా చేస్తే నాలుగో భాగం అర్థం కాదు. కోట యజమాని మూడు రోజులు వేటకెళ్తాడు: లేడి, అడవిపంది, నక్క. అదే వేళ గదిలో అతని భార్య గవేన్‌ని వేటాడుతుంటుంది. ఏ రోజు ఎవరికి దొరికింది ఆ సాయంత్రం మార్చుకోవాలన్నది ఒప్పందం. మొదటి రోజు ఒక ముద్దు, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు అప్పజెప్పిన గవేన్, ప్రాణం కాస్తుందని ఆమె ఇచ్చిన ఆకుపచ్చ నడికట్టును దాచేస్తాడు. చివర్లో, ముందే కుదిరిన పందెం ప్రకారం, ఆకుపచ్చ వీరుడి గొడ్డలి గవేన్ మెడ మీదికి మూడుసార్లు లేస్తుంది. రెండుసార్లు తగలదు, మూడోసారి మెడ మీద గీరుకుపోతుంది. ఆ గీత దేనికన్నది మూడో రోజు చదివినవాళ్లకే తెలుస్తుంది.

అనువాదంలో ఒక పద్యం పైకి చదివి, వెంటనే ఎదురు పేజీలో మూలం చదవండి. బాగా పట్టుబడ్డాక టోల్కిన్, గోర్డన్ కలిసి పరిష్కరించిన మూలపాఠం (1925) కొనండి, నార్మన్ డేవిస్ 1967లో సవరించిన ముద్రణే తీసుకోండి. పదకోశం దివ్యంగా ఉంటుంది. అందులో అనువాదం మాత్రం ఒక్క పాదానికీ ఉండదు.