పాదయాత్రకి బ్యాగ్ కొనేవాళ్ళు ఆ షాపు మెట్లెక్కే ముందు ఇది చదవండి

కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారితే బద్ధకం వచ్చేస్తుంది, ఆ ఓనరు ఇంకొకరికి ఇంకో బ్యాగ్ అంటగట్టేస్తాడు.

ఏ షాపో పేరు చెప్పక్కర్లేదు. నడిచి వెళ్ళొచ్చిన వాళ్ళని "బ్యాగ్ ఎక్కడ కొన్నారు?" అని అడిగితే సగం మంది చెప్పేది ఆ పేరే, నాకూ అలాగే చెప్పారు. ఆన్‌లైన్లో చూస్తే రివ్యూలన్నీ ఆహా ఓహో. ఆ రివ్యూలు రాసినవాళ్ళంతా బ్యాగ్ కొన్న రోజు సాయంత్రమే, ఇంకా దాంట్లో ఒక్క చొక్కా కూడా పెట్టకుండా రాసి ఉంటారని ఇప్పుడు తెలుస్తోంది.

వెనకటి కథ క్లుప్తంగా చెప్పేస్తాను. వారాల తరబడి కాలినడకన సాగే యాత్ర. రాత్రికి ఎక్కడో ఒకచోట పడక దొరుకుతుంది కాబట్టి టెంటు, వంట సామాను మోయక్కర్లేదు. అలాంటి నడకకి 30 నుంచి 40 లీటర్ల బ్యాగ్ చాలు. ఈ సంగతి ముందే చదువుకుని వెళ్ళాను. ఓనరు మాత్రం చూపించడమే 55 లీటర్లది చూపించాడు. "పెద్దదుంటే మంచిదే కదా మేడమ్, ఖాళీ ఉంటే ఉంటుంది, నష్టమేముంది" అన్నాడు. బ్యాగ్‌లో ఖాళీ ఎప్పుడైనా ఖాళీగా ఉంటుందా? చోటు కనపడితే ఇంకో జత బట్టలు, ఇంకో సబ్బు, "ఎందుకైనా మంచిది" అని ఇంకో శాలువా, అన్నీ అందులోకే. అక్కడ నేను గట్టిగా నిలబడ్డాను, 36 లీటర్లది తీశాడు. ఆ గెలుపుతో కాస్త మెత్తబడ్డాననుకుంటా, తర్వాత జరిగిందంతా అతనికి అనుకూలంగానే జరిగింది.

సైజు ఏది పడుతుంది అని అడిగాను. నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూశాడు. "మీరు పొడుగ్గా ఉన్నారు కదా మేడమ్, లార్జ్" అన్నాడు. అంతే, కొలత అయిపోయింది!

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, మనిషి ఎత్తుకీ బ్యాగ్ సైజుకీ నేరుగా సంబంధం లేదు. చూడాల్సింది వెన్ను పొడవు. తల ముందుకి వంచితే మెడ అడుగున ఒక ఎముక బుడిపెలా తగులుతుంది, అక్కడి నుంచి నడుముకి రెండు వైపులా చేతులు పెట్టుకుంటే తగిలే తుంటి ఎముకల పై అంచు ఎత్తు వరకు వీపు మీద టేపు పెట్టి కొలవాలి. మనకి మనం కొలుచుకోలేం, ఇంకో మనిషి కావాలి. పొడుగ్గా ఉన్నవాళ్ళలో కాళ్ళు పొడుగై వెన్ను పొట్టిగా ఉండేవాళ్ళు చాలామంది ఉంటారు, నేనూ ఆ బాపతే. నా వెన్ను కొలత 46 సెంటీమీటర్లు. చాలా కంపెనీల చార్టుల్లో అది మీడియంలో పడుతుంది, లార్జ్ ఇంచుమించు 50 దగ్గర మొదలవుతుంది, కంపెనీని బట్టి కాస్త అటూఇటూ. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ షాపువాళ్ళకి మాత్రం ఆ రోజే తెలుసు, ఆ సంగతికి వస్తాను.

భుజాన వేసి చూపించమన్నాను. గాలి ఊదే దిండ్లు రెండు బ్యాగ్‌లో కుక్కి వీపుకి తగిలించాడు. గాలి దిండ్లు! గాలి మోయడానికి ఏ బ్యాగైనా హాయిగానే ఉంటుంది కదా స్వామీ. ఏదైనా బరువు పెట్టి పది నిమిషాలు షాపులోనే అటూ ఇటూ నడుస్తానంటే, "బరువు పెడితే వాడిన సరుకైపోతుంది మేడమ్. తేడాగా అనిపిస్తే తెచ్చెయ్యండి, మార్చి ఇస్తా, మేమెక్కడికి పోతాం" అన్నాడు. ఎంత నవ్వుతూ అన్నాడంటే, బిల్లు వెనక సన్న అక్షరాల్లో ఏముందో తిప్పి చూడాలని కూడా అనిపించలేదు. నా తెలివికి ఒక దండం.

యాత్రకి ముందు సాధన కోసం 7 కిలోలు సర్దుకుని నడక మొదలుపెట్టాను. గంట గడవకముందే తెలిసిపోయింది. భుజం పట్టీలు వీపుకి దగ్గరగా లాగితే నడుం బెల్టు తుంటి ఎముకల మీద నిలవదు, కిందికి జారి తొడల మొదట్లో నొక్కుతుంది. పోనీ అని బెల్టు పైకి తెచ్చి ఎముకల మీద సరిగ్గా బిగిస్తే పట్టీలకీ భుజానికీ మధ్య అరచెయ్యి దూరేంత సందు, అడుగు వేసినప్పుడల్లా బ్యాగ్ వెనక్కి ఊగుతుంది. ఏదో ఒకటి ఎంచుకోవాలి, భుజాలా తొడలా అని. బ్యాగ్ సరిగ్గా కుదిరితే బరువులో ముప్పాతిక వంతు దాకా తుంటి ఎముకలే మోస్తాయి, భుజాల పని బ్యాగ్ వెనక్కి పడకుండా పట్టుకోవడమే. నాకు మాత్రం తుంటి ఎముకలకి సెలవు ఇచ్చేశారు.

అలవాటు అవుతుందేమోనని ఇంకొన్నాళ్ళు నడిచాను. కుడి తొడ బయటివైపు అరచేయంత మేర మొద్దుబారింది, గిల్లినా తెలియలేదు. టెన్షన్ పడి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. బెల్టు తప్పుడు చోట గట్టిగా బిగిస్తే అక్కడ చర్మానికి వెళ్ళే నరం నలుగుతుందట, మెరాల్జియా పారెస్తెటికా అని దానికో పేరు కూడా ఉంది. బిగుతు బట్టలు, బరువు బెల్టులు వేసుకునేవాళ్ళకీ వస్తుందట. బెల్టు తీసేస్తే చాలావరకు దానంతట అదే తగ్గుతుందన్నారు, తగ్గుతోంది కూడా. భుజాల మీదే బరువంతా పడితే చేతికి వెళ్ళే నరాలు దెబ్బతిని చెయ్యి బలహీనపడే జబ్బు కూడా ఉందట, రక్‌సాక్ పాల్సీ అంటారు, సైనికుల్లో ఎక్కువ చూశారట. అంటే నాకు జరిగింది తక్కువేనన్నమాట, సంతోషించాలి.

ఇప్పుడు అసలు ఘట్టం.

"తెచ్చెయ్యండి, మార్చి ఇస్తా" అన్నాడు కదా, తెచ్చాను. ఓనరు బ్యాగ్ అందుకుని నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా, భుజం పట్టీని తిరగేసి లైటు కింద పెట్టాడు. చెమట ఆరిన తెల్లటి చార ఉంది, ఉండదా మరి. దాన్ని వేలితో గీకి, పక్కన బూట్లు చూసుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళకి చూపించి, "చూశారా, నడిచేసి వచ్చి కొత్తది ఇమ్మంటున్నారు" అన్నాడు. నవ్వుతూనే. అమ్మిన రోజు నవ్వూ ఇదే నవ్వు.

సైజు తప్పు ఇచ్చారండీ, బెల్టు నిలవట్లేదు, నరం నలిగింది అని చెప్పాను. వినిపించుకున్నట్టే తల ఊపి, అప్పుడు అన్నాడు, "మేడమ్, మీరు వెళ్ళేది దేవుడి దగ్గరికి కదా. ఆమాత్రం నొప్పి ఉండాలి. నొప్పి లేకపోతే పుణ్యం ఎక్కడి నుంచి వస్తుంది?"

బూట్ల దగ్గర కుర్రాళ్ళు కూడా నవ్వారు.

నాకు ఆ క్షణంలో నోట మాట రాలేదు. తర్వాత ఇంటికొచ్చి పది సమాధానాలు అనుకున్నాను, అన్నీ బ్రహ్మాండమైనవి, ఏం లాభం. నా మొక్కు నాది. నా కాళ్ళ బొబ్బలు నావి, వాటికి నేను సిద్ధపడే బయల్దేరుతున్నాను. కానీ అతను మీడియం ఇవ్వాల్సిన చోట లార్జ్ ఇచ్చి, దానివల్ల వచ్చిన నొప్పిని దేవుడి ఖాతాలో రాస్తాడా?

అంతటితో అయిపోయి ఉంటే ఇంత పెద్ద పోస్టు రాసేదాన్ని కాదేమో. నేను కదలకుండా అక్కడే నిలబడేసరికి, లోపల సర్దుతున్న అబ్బాయి, ఇరవయ్యేళ్ళుంటాయేమో, నన్ను ఊరుకోబెట్టడానికి అన్నట్టు వచ్చి, కౌంటర్ వెనక మేకుకి వేలాడుతున్న టేపు తీశాడు. పసుప్పచ్చ టేపు. తల వంచమన్నాడు, మెడ ఎముక దగ్గర ఒక కొస నన్నే పట్టుకోమన్నాడు, నా బొటనవేళ్ళతో తుంటి ఎముకల ఎత్తు చూపించమన్నాడు, నిమిషం కూడా పట్టలేదు. "నలభై ఆరు. మీకు మీడియం అండీ" అన్నాడు, ఎంతో మామూలుగా. ఓనరు వాడికేసి చూసిన చూపు చూడాలి. వాడికి ఆ చూపు అర్థం కాలేదు పాపం, "మేడమ్ వచ్చినప్పుడు మీడియం స్టాక్ లేదు కదా సార్, లార్జే ఉన్నాయి" అనేశాడు.

చాలా సేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ టేపు నేను బ్యాగ్ కొన్న రోజు కూడా అదే మేకుకి ఉంది. నేను చూశాను కూడా, బట్టలు కొలిచేదేమో అనుకున్నాను.

ఓనరు బిల్లు అడిగి, తిరగేసి, "వాడిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న చోట వేలు పెట్టి, నావైపు తోశాడు. మార్చి ఇస్తానన్నారు కదా అంటే, "అది వాడకముందు మేడమ్" అన్నాడు. వాడకుండా తేడా ఎలా తెలుస్తుందో మాత్రం చెప్పలేదు. నా వంతు అయిపోయినట్టు వెనకున్న మనిషిని "చెప్పండి సార్" అని పిలిచాడు. ఆ సార్ కూడా పొడుగ్గానే ఉన్నాడు. ఆయన గతి ఏమైందో.

ఇంతే జరిగింది. ఆ అబ్బాయిని ఎవరూ ఏమీ అనకండి, ఆ షాపులో నాకు నిజం చెప్పింది వాడొక్కడే, వాడి ఉద్యోగం ఉందో లేదో కూడా తెలియదు.

కొనబోయేవాళ్ళకి నాలుగు మాటలు, ఎక్కువ ఓపిక లేదు. ఇంట్లో ఎవరిచేతైనా వెన్ను కొలిపించుకుని ఆ అంకె ఫోన్‌లో రాసుకుని వెళ్ళండి. షాపులో బరువు పెట్టి నడవనివ్వకపోతే బయటికి వచ్చేయండి, లేదా మీ సామానే ఒక సంచిలో తీసుకెళ్ళండి. తగిలించుకునేటప్పుడు పట్టీలన్నీ వదులు చేసి ముందు నడుం బెల్టు బిగించాలి, దాని మెత్త తుంటి ఎముక అంచు మీద సగం పైకి, సగం కిందికి ఉండాలి. ముందు బకిల్ దగ్గర రెండు మెత్తలూ ఒకదానికొకటి తగులుతున్నాయంటే బెల్టు మీకు పెద్దది. తర్వాత భుజం పట్టీలు, అవి భుజం మీద సందు లేకుండా వంగి వీపు వైపుకి దిగాలి. భుజం పైన ఉండే చిన్న పట్టీలు బ్యాగ్ పైభాగానికి సుమారు 45 డిగ్రీల వాలులో వెళ్ళాలి. ఛాతీ పట్టీ ఆఖర్న, ఊపిరి ఆడేంత వదులుగా. ఆడవాళ్ళు ఆడవాళ్ళ కొలతలతో చేసినవి కూడా వేసుకు చూడండి, పట్టీల వంపు, బెల్టు వాలు వేరుగా ఉంటాయి. వెన్ను పొడవు మార్చుకునే వీలున్నవి దొరికితే ఇంకా నయం, వెనక మెత్త కింద వెల్క్రో ఉంటుంది, పైకీ కిందికీ జరుపుకోవచ్చు. నాకు అమ్మినదానికి అది లేదు.

బరువు సంగతి, స్పెయిన్‌లో సాంతియాగో దాకా వెళ్ళే కమీనో అనే యాత్రా దారి నడిచేవాళ్ళు చెప్పుకునే లెక్క ఒకటుంది, ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని. 60 కిలోల మనిషికి 6 కిలోలు. ఆ లెక్కన నా 7 కిలోలు కూడా ఎక్కువే, శాలువా తీసేశాను. బ్యాగ్ బరువు కూడా అందులోదే, కాబట్టి ఖాళీ బ్యాగ్‌ని తూకం వేయించండి, రెండు కిలోలు ఉందంటే అక్కడే పెట్టేయండి. వాన కవరు ఉంది కదా అని ధీమా వద్దు, వీపు వైపు నుంచి నీళ్ళు దిగుతాయి, లోపల ఒక గట్టి ప్లాస్టిక్ సంచి వేసి అందులో బట్టలు సర్దండి.

బిల్లు వెనక చదవండి. "మార్చి ఇస్తా" అంటే ఆ మాట బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే సంగతి అక్కడే తెలిసిపోతుంది.

నా దగ్గర లార్జ్ సైజు 36 లీటర్ల బ్యాగ్ ఒకటి ఉంది, కుట్లన్నీ బావున్నాయి, పట్టీ మీద చెమట చార ఉంది, ఉతికితే పోతుంది. సగం ధరకే ఇస్తాను. వెన్ను కొలత 50 పైన ఉన్నవాళ్ళే మెసేజ్ చెయ్యండి, మీ ఎత్తెంతో నాకు చెప్పొద్దు.