కోఠి దుకాణంలో క్లబ్బు జ్ఞాపికలు: బ్యాటు పట్టనివాళ్లకు ఏమి దొరుకుతుంది?

జ్ఞాపికల దుకాణాల్లో అరల నిండా కనిపించేది ఒకే మనిషి. కవర్ డ్రైవ్ కొట్టి బ్యాటును గాలిలోనే ఉంచేసిన బంగారు రంగు ప్లాస్టిక్ బ్యాట్స్‌మన్. పక్కన ఒకరిద్దరు బౌలర్లు, వెతికితే ఒక వికెట్ కీపర్. రోలర్ లాగే మనిషి బొమ్మ కానీ, స్కోరు పుస్తకం ముందు కూర్చున్న మనిషి బొమ్మ కానీ నేను తిరిగిన ఏ దుకాణంలోనూ లేదు. మా అబ్బాయి ఆడే క్లబ్బుకు పద్దులు చూసేది నేనే. ఈసారి సీజన్ చివర సన్మానం ఆటగాళ్లకు కాదు, పైసా తీసుకోకుండా క్లబ్బును నడిపిస్తున్నవాళ్లకు చేయాలని కమిటీ తీర్మానించి, కొనే పని నాకు అప్పగించింది. ఆబిడ్స్ నుంచి కోఠికి వెళ్లే దారిలో, ఒక సందు మొదట్లో ఉన్న చిన్న దుకాణంలో చేయించాను.

ముందు శాలువాల సంగతి. కమిటీలో సగం మంది శాలువా, దండ చాలన్నారు. హైదరాబాద్ ఎండలో, పొద్దున్నుంచి మైదానంలో నిలబడ్డ మనిషికి శాలువా! ఒక ఇంటి బీరువాలో నుంచి మరొక ఇంటి సన్మానానికి మడత విప్పకుండా ప్రయాణించే శాలువాలు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. వద్దన్నాను. కాస్త గొడవ జరిగింది, నా మాటే నెగ్గింది.

ఈ దుకాణానికి ముందు ఒక పెద్ద షోరూముకు వెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రాడు "విన్నరా, రన్నరా మేడం?" అన్నాడు. రెండూ కాదన్నాను. "అయితే పార్టిసిపేషన్" అని చెప్పి, కిందనున్న అరలోంచి అరచేతిలో పట్టే కప్పు తీశాడు. మా స్కోరరు గారు ఆ కప్పు చూస్తే ఏమనుకుంటారో ఊహించుకుని బయటికి వచ్చేశాను. కోఠి దుకాణం యజమాని మాత్రం ధర చెప్పడానికి ముందు, "ఆయన ఏం పని చేస్తారమ్మా?" అని అడిగారు. నా దృష్టిలో ఈ దుకాణానికి సగం మార్కులు ఆ ప్రశ్నకే.

స్కోరరు గారి పని ఏమిటంటే, క్రికెట్ నియమాలు రాసే లండన్ క్లబ్బు ఎంసీసీ నియమాల్లో మూడో నియమం స్కోరర్ల గురించే. ఇద్దరు ఉండాలి, ఇద్దరి లెక్కలు తరచూ సరిపోల్చుకోవాలి అంటుంది. మా స్థాయిలో ఇద్దరు ఎక్కడ దొరుకుతారు? ఆయనే ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో ఫోనులో యాప్. అవతలి జట్టు స్కోరరు రాకపోతే వాళ్ల పుస్తకం కూడా ఆయనే. బ్యాటింగ్ మొత్తం, బౌలింగ్ మొత్తం, ఎక్స్‌ట్రాలు కలిపి తేడా వస్తే భోజనానికి లేవరు. పద్దులు చూసే మనిషిగా చెబుతున్నాను, ఆ లక్షణం నాకు మహా గౌరవం.

అందుకని ఆయన చేతిరాతలో ఉన్న ఒక స్కోరు పేజీని ఇత్తడి రేకు మీద చెక్కించమన్నాను. యజమాని కాసేపు ఆలోచించి, తన దగ్గరున్న లేజర్ మిషను చెక్కకూ అక్రిలిక్‌కూ తప్ప ఇత్తడికి పనికిరాదని, లోహం మీద చెక్కే మిషను వేరే చోట ఉందని, అక్కడ చేయించి తెప్పిస్తానని దాచకుండా చెప్పారు. వచ్చిన రేకు చూస్తే ముచ్చటేసింది. బౌలరు ఒక్క పరుగూ ఇవ్వని మెయిడెన్ ఓవర్లో ఆరు చుక్కలను కలిపి ఆయన గీసే 'ఎం' కూడా స్పష్టంగా పడింది. గళ్ల గీతలు మాత్రం పలచబడ్డాయి. పెన్సిలుతో గీసినవి కాబట్టి స్కాను చేసేటప్పుడే ముదురు చేసి ఉండాల్సింది, ఆ మాట ముందే చెప్పాల్సిన బాధ్యత దుకాణానిదే. టేకు చట్రంతో కలిపి 1,650 రూపాయలు.

రెండో జ్ఞాపిక పిచ్ మీద మ్యాట్ పరిచే అన్నకు. లారీల మెకానిక్. ఆదివారం అందరికంటే ముందు మైదానానికి చేరేది ఆయనే. కొబ్బరి పీచు మ్యాట్ మంచుకు తడిసిందంటే ఇద్దరు మోయడం కష్టం. కింద నేలను రోలర్‌తో చదును చేసి, మ్యాట్‌ను నాలుగు వైపులా బిగించి లాగి మేకులు కొట్టాలి. ఒక పక్క వదులైతే బంతి ఆ మడత మీద పడి నేరుగా బ్యాట్స్‌మన్ ముఖానికి లేస్తుంది. ఆ తర్వాత స్టంపుల నుంచి నాలుగు అడుగులు కొలిచి క్రీజు గీత. మా పిల్లల పళ్లు ఊడకుండా ఉన్నాయంటే ఆయన బిగింపు వల్లే.

పాత మ్యాట్ చినిగిపోయినప్పుడు ఒక ముక్క కోసి ఉంచాం. దాన్ని, ఒక తుప్పు మేకును కలిపి గాజు పెట్టెలో అమర్చమని అడిగాను. మామూలు ఫోటో చట్రంలో ఆ మందం పట్టదు. లోతైన పెట్టె ప్రత్యేకంగా చేయించారు, 1,200 అయింది. పని శుభ్రంగా ఉంది. కానీ పీచు రాలి గాజు లోపల అడుగున పేరుకుంటోంది. అంచులు కుట్టించి ఇవ్వాల్సింది. ఎవరైనా ఇలాంటిది చేయించుకుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పెద్ద మైదానాల్లో పిచ్ చూసేవాళ్లకు ఈ మధ్య కాస్త గుర్తింపు దక్కుతోంది. 2023 సెప్టెంబర్ 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో మన హైదరాబాద్ సిరాజ్ 21 పరుగులకు 6 వికెట్లు తీసి, తనకు వచ్చిన 5,000 డాలర్ల బహుమతిని మైదానం సిబ్బందికి ఇచ్చేశాడు. వాన కురిసినప్పుడల్లా కవర్లు లాగిన మనుషులు వాళ్లు. 2024 ఐపీఎల్ ముగిశాక పది ప్రధాన వేదికల సిబ్బందికి బీసీసీఐ 25 లక్షల చొప్పున ప్రకటించింది. సంతోషం. మా మ్యాట్ అన్న ఆ జాబితాలో రాడు, సిబ్బంది కాడు కాబట్టి. ఆయనకు ఇచ్చేది మాలాంటివాళ్లే ఇవ్వాలి, అందుకే రాలే పీచు గురించి కూడా ఇంత పట్టింపు.

ఇక దుకాణంలో అసలు చికాకు తెలుగు అక్షరాలతో వచ్చింది. ఇంగ్లీషులో పేరు ఇస్తే అరగంటలో పని పూర్తి. తెలుగులో అంటే డిజైన్ చేసే తమ్ముడి ముఖం మారిపోయింది. నేను ఫోనులో టైపు చేసి పంపినది యూనికోడ్, ఆయన మిషను దగ్గరున్నది దానితో కలవని పాత పద్ధతి 'అను' ఫాంట్లు. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోయాయి. మొదటి నమూనాలో 'క్రికెట్' కాస్తా 'కికెట్' అయి వచ్చింది. చెక్కడానికి ముందే కాగితం మీద ముద్రించి చూపించారు కాబట్టి సరిపోయింది. అడగకపోయినా నమూనా చూపించడం ఈ దుకాణంలో మంచి అలవాటు. అయినా హైదరాబాద్ నడిబొడ్డున తెలుగు పేరు చెక్కడానికి ఇంత తంటా ఏమిటని గట్టిగానే అడిగాను. "తెలుగులో అడిగేవాళ్లు తక్కువమ్మా" అన్నారు యజమాని. ఆ జవాబు నాకు నచ్చలేదు.

మూడో జ్ఞాపిక ఇక్కడ కుదరలేదు. మ్యాచ్ రోజుల్లో రెండు జట్లకూ టీ, ఉప్మా తెచ్చే అక్కను ముందే అడిగితే, "షీల్డు నాకెందుకు, దుమ్ము తుడవడానికా? టీ పట్టుకెళ్లే క్యాన్ మూత బిగుసుకోవడం లేదు" అంది. ఇంతకంటే స్పష్టమైన ఆర్డరు ఎవరిస్తారు? బేగంబజార్ వెళ్లి దళసరి స్టీలు క్యాన్ కొన్నాను. అక్కడ పేరు కొట్టే మిషను దగ్గర కూర్చున్న పెద్దాయన నా కాగితం చూసి, ఫాంటూ లేదు, నమూనా లేదు, అక్క పేరు, కింద క్లబ్బు పేరు, సంవత్సరం చుక్కచుక్కగా చేత్తో కొట్టేశారు. ఒక్క ఒత్తు తప్పలేదు. పేరుకు విడిగా డబ్బు కూడా తీసుకోలేదు. జ్ఞాపికలన్నిటిలో సభలో ఎక్కువ చప్పట్లు పడింది ఆ క్యాన్‌కే. కోఠి యజమాని వింటే నొచ్చుకుంటారేమో కానీ నిజం అదే.

మిగిలినవాళ్లకు, అంటే కిట్ బ్యాగులు తన ఆటోలో మోసే బాబాయికీ, అంపైరు దొరకనప్పుడు తెల్లకోటు వేసుకునే ఇద్దరికీ చెక్క షీల్డులే తీసుకున్నాం, ఒక్కొక్కటి 650. చెక్క పీచును అదిమి చేసే ఎండీఎఫ్ వద్దు, వానాకాలంలో ఉబ్బుతుంది. నిజం చెక్క అని చెప్పి అది అంటగట్టే ప్రయత్నం ఇక్కడ జరగలేదు. అక్రిలిక్‌వి తళతళలాడతాయి, సంచిలో వేసుకుని ఇంటికి చేరేలోపే గీతలు పడతాయి. ప్లాస్టిక్ కప్పుల బంగారు పూత సంగతి చెప్పనక్కర్లేదు.

చెప్పిన రోజుకు సరుకు ఇవ్వలేదు, లోహం పని బయట చేయించడం వల్ల ఆలస్యమైంది. కాబట్టి సభ తేదీకి కనీసం వారం ముందు గడువు చెప్పండి. సగం అడ్వాన్సు తీసుకుంటారు, మిగతాది వస్తువు చూశాకే. పార్కింగ్ ఆశ పెట్టుకోకుండా మెట్రోలో వెళ్లండి. పక్కా బిల్లు అడిగితేనే ఇస్తున్నారు. క్లబ్బు డబ్బుతో కొంటున్నవాళ్లు తప్పకుండా అడగండి.